టైల్స్ మీద వ్యాక్స్ వేయమనేవాళ్లకు మెరుపే కావాలి, గీకేది మేము

దుబాయ్ క్లీనింగ్ కంపెనీల్లో జగిత్యాల, సిరిసిల్ల వైపు మనవాళ్లు చాలామందే ఉన్నారు, రాత్రి డ్యూటీలో ఫ్లోర్ రుద్దే మిషన్ పట్టినవాళ్లకు ఈ బాధ తెలిసిందే. కొన్ని రకాల వినైల్ (ప్లాస్టిక్) ఫ్లోరింగ్‌కు వ్యాక్స్ కావాలి, కాదనను, అది లేకపోతే గీతలు పడి పాడవుతుంది. పోర్సిలిన్ టైల్స్‌కు దేనికండీ? బాగా కాల్చిన టైల్ దాదాపు ఏమీ పీల్చుకోదు, వ్యాక్స్ పేరుతో మనం వేసే అక్రిలిక్ పొరకు దాని మీద పట్టు దొరకదు, జనం నడిచే దారిలో పొట్టులా లేచిపోతుంది. జాయింట్ల గోల ఇంకోటి. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ ఎక్కువగా సిమెంటే కదా, పీల్చేస్తుంది, పైగా టైల్ కంటే కాస్త కిందికి ఉంటుంది కాబట్టి మాప్‌తో వేసిన వ్యాక్స్ అంతా పారి అక్కడే నిలిచిపోతుంది. మొదటి రోజు తళతళా మెరుస్తుంది, క్లయింట్ ఖుషీ. ఆ తర్వాత చాయ్ మరకలు, నూనె, బూట్ల మట్టి అన్నీ ఆ పొరలోనే ఇరుక్కుని జాయింట్లు నల్లగా అయితే "మీరు సరిగ్గా తుడవట్లేదు" అని మాట మాకు.

అప్పుడు స్ట్రిప్పింగ్, అంటే ఆ పాత వ్యాక్స్ పొరను కరిగించి తీసేయడం. మాల్ మూశాక మొదలుపెట్టి షాపులవాళ్లు వచ్చేలోపు ముగించాలి. వ్యాక్స్ కరిగించే స్ట్రిప్పర్‌ను నీళ్లలో కలిపి పోసి ఓ పది నిమిషాలు నాననివ్వాలి, కానీ ఏసీ గాలికి అది ఆరిపోయిందంటే కరిగిన వ్యాక్స్ మళ్లీ బిగుసుకుంటుంది, టెన్షన్ అంతా అక్కడే. మిషన్ కింద ఉండే గరుకైన బ్లాక్ ప్యాడ్ టైల్ పైపైనే తిరుగుతుంది, జాయింట్‌లోకి దిగదు. ఇక మోకాళ్ల మీద కూర్చుని చేతి బ్రష్‌తో సందు సందూ గీకాల్సిందే, బూడిదరంగు జిగురు పైకి తేలుతుంటే వెనకే ఒకడు వ్యాక్యూమ్‌తో లాగుతుంటాడు. ఆ తడి మీద అడుగు వేస్తే జారుడే. గ్లౌజు చిరిగిందంటే వేళ్ల మధ్య చర్మం మండుతుంది, అది మామూలు సబ్బునీళ్లు కాదు, ఘాటైన క్షారం. కొందరు సూపర్‌వైజర్లు తొందరలో యాసిడ్ తెప్పిస్తారు. యాసిడ్‌కు వ్యాక్స్ పోదు, గ్రౌట్ మాత్రం తినేస్తుంది!

నల్లగా కనబడగానే మిషన్ దించకండి. ఓ మూలన కాస్త స్ట్రిప్పర్ వేసి, కాసేపయ్యాక గీకి చూడండి. తెల్లటి జిగురు లేస్తే వ్యాక్స్, లేవకపోతే మురికి గ్రౌట్‌లోకే ఇంకిందని అర్థం. శుభ్రం చేశాక పూర్తిగా ఆరనిచ్చి, జాయింట్లలోకి ఇంకి మురికి పీల్చకుండా ఆపే సీలర్ పట్టించి, టైల్ మీద మిగిలింది వెంటనే తుడిచేస్తే చాలు. రోజూ తుడవడానికి ఘాటు లేని లిక్విడ్, ప్యాడ్ బదులు బ్రష్ ఉన్న మిషన్. ఇందులో అద్దంలాంటి మెరుపు ఉండదు, అందుకే క్లయింట్‌కు ఎక్కదు.

మొన్న ఇంటి నుంచి ఫోన్, హాల్లో కొత్త టైల్స్‌కు షాపువాడు పాలిష్ డబ్బా అంటగట్టాడట. మూత తీయకుంటే వాపసు ఇచ్చేసి, ఆ డబ్బులకు జాయింట్ల సీలర్ ఉందేమో అడగమన్నా.