సన్నజాజులు 2 మూరలు

మన బ్యాచి కలయిక సంచిక కోసం కమిటీ వారు గ్రూపులో మూడోసారి గుర్తు చేశారు. "డైట్ (టీచర్ ట్రైనింగ్ కాలేజీ) రోజుల మీద రెండు పేజీలు, ఫొటో ఒకటి, పాతదైతే మంచిది." పాత ఫొటోలో నేను పొడుగు లక్ష్మి భుజం చాటున ఉన్నాను. రిబ్బను మాత్రమే కనిపిస్తుంది. అది చాలంటే పంపిస్తాను.

మన డైట్ ఉన్న వమరవల్లి గురించి రాయమంటే మిగతావాళ్లు ఏం రాస్తారో నాకు తెలుసు. కళింగపట్నం బస్సు, మెస్సు సాంబారు, రథసప్తమికి అరసవల్లి, ఐదు కాళ్ల ఆవు. ఆవు జోలికి నేను పోను. గీసినవాడే ఇప్పుడు ఈ సంచికకి ఎడిటరు. నేను చిప్పల మాస్టారి గురించి రాస్తాను, దాంతోపాటు నా పెళ్లి గురించీ. రెండింటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

ఏపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) అనగానే, బ్రిటన్ డబ్బుతో నడిచే పథకం కదా, ఎంత గొప్ప సామాను చూపిస్తారోనని మనం ముందు బెంచీలకి ఎగబడ్డాం. మాస్టారు గోనెసంచి బోర్లిస్తే కొబ్బరి చిప్పలు దొర్లాయి. "ఐదో సూత్రం?" అన్నారు. "స్థానిక పరిసరాలను వినియోగించుకోవడం" అని కోరస్. "మరి ముక్కు మూసుకుంటారేం? చిప్పలు స్థానికం కావా?" ఆ మధ్యాహ్నమంతా మేకులు కాల్చి ఒక్కో చిప్పకి మూడు కన్నాలు పెట్టాం. కాలిన పీచు వాసన నా వోణీని వారం వదల్లేదు. పురికొస కట్టి, వెదురు పుల్లకి వేలాడదీసి తక్కెడ తయారు చేస్తే నాది ఎడమకి ఒరిగింది. చిప్ప బాగోలేదు సార్ అన్నాను. ఆయన చిప్ప వంక చూడనే లేదు. పుల్ల మధ్యలో ముడిని గోటితో అర అంగుళం జరిపారు. తక్కెడ నిలబడింది. "చిప్పని తిట్టకు, ముడి ఎక్కడ వేశావో చూసుకో." మన క్లాసు త్రిమూర్తుల తక్కెడ మాత్రం ఆయన వల్ల కూడా కాలేదు. అందులో చిప్పలు మూడు.

తర్వాత 94 డీఎస్సీలో టీచరు ఉద్యోగం. పోస్టింగు పాలకొండ దాటాక నాగావళి వైపు ఒక ఊళ్లో. అప్పుడది మన జిల్లాయే, 2022 నుంచి పార్వతీపురం మన్యం. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక మామిడిచెట్టు. స్పెషల్ టీచరుకి, అంటే ఇంకా రెగ్యులర్ కాని టీచరుకి, నెల జీతం 398 రూపాయలని మీకు చెప్పక్కర్లేదు, మీలో సగం మంది అదే తిని బతికారు. నాకు పెళ్లి కూడా ఆ జీతం మీదే అయింది, 1996 మేలో. ఆయన పాలకొండలో రైస్ మిల్లు గుమాస్తా. జీతం నాకు రెండింతలు, అయినా సంబంధం కుదిరింది నా గవర్నమెంటు ఉద్యోగం చూసే. విజయనగరంలో మా అత్తగారు చుట్టాలకి "కోడలికి నాలుగొందలు" అని చెబుతుంటే, ఆయన పక్కగదిలోంచి "రెండు తక్కువ" అని సరిచేసేవారు. గుమాస్తా బుద్ధి.

కాపురం ఆ ఊళ్లోనే ఒక పెంకుటింట్లో పెట్టాం. బడి ఎక్కడ ఆగి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలిసేది కాదు. అన్నం వడ్డించి "అందరూ తిన్నారా?" అని అడిగేదాన్ని. అందరూ అంటే ఆయనొక్కరే. ఒకసారి ఆయన ఏదో చెబుతూ మధ్యలో చెయ్యెత్తి మంచినీళ్లకి పర్మిషన్ అడిగారు. నవ్వలేదు, నిజంగానే అడిగారు. పెళ్లికి ముందు ఆయన రాసిన ఉత్తరంలో 'ప్రియామైన' అని ఉంటే అలవాటు చొప్పున ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి తిప్పి పంపాను. తిరుగు టపాలో 'ప్రియమైన' అని పదిసార్లు రాసి పంపారు, కింద తండ్రి సంతకంతో సహా. సంతకం దొంగదని తర్వాత తేలింది.

అంతలో ఆషాఢం వచ్చింది. ఆ ఏడు అధిక ఆషాఢం. జూన్ మధ్యలో మొదలైతే ఆగస్టు మధ్యదాకా, రెండు నెలలు. అధికమాసానికి ఈ పట్టింపు ఉంటుందా అని ఆయన పురోహితుడి దగ్గరికి వెళ్లొచ్చారు. "అధికమైనా అది ఆషాఢమే నాయనా" అన్నారట. కొత్త పెళ్లికూతురు పుట్టింటికి వెళ్లాలి, కానీ బడి తెరిచిన వారంలోనే రెండు నెలల సెలవు ఎవరిస్తారు? నాకున్నవి సీయెల్స్, అంటే క్యాజువల్ లీవులే. ఇరువైపుల పెద్దలూ కూర్చుని తీర్మానం చేశారు: అమ్మాయి కదలదు కాబట్టి అబ్బాయి కదలాలి. అలా మా ఇంట్లో ఆషాఢానికి పెళ్లికొడుకు పెట్టె సర్దుకున్నాడు. ఊరు ఊరంతా అరుగుల మీదకి వచ్చి చూసింది. "ఓలమ్మా, అల్లుడుగోరు పుట్టింటికెల్తన్నాడే!" అని ఎదురింటి అవ్వ బుగ్గలు నొక్కుకుంది. నాకు కాపలాగా అమ్మ దిగింది. ఆయన వారమంతా మిల్లు గదిలో, ఆదివారం విజయనగరంలో.

మా హెడ్మాస్టారు రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దాయన. మా ఆయన బడికి రావచ్చా అని ఆయనని అడిగాను. "బడి గడపకి ఆషాఢం లేదమ్మా. గంట కొట్టేదాకా మాత్రం ఉంది" అన్నారు.

కానీ ఇంటికి సరుకులెవరు తెస్తారు? చీటీ రాస్తే అమ్మ చదువుతుంది. అమ్మ చదవనిది ఒకటే, నా పాఠ్యపథకం నోట్సు. కాబట్టి అందులోనే రాశాను. మిల్లు కళాసీ కొడుకు మా మూడో తరగతి గుంటడు. సాయంత్రం వాళ్ల నాన్నకి క్యారేజీ తీసుకెళ్లేటప్పుడు నోట్సు చంకన పెట్టుకునేవాడు. "ఏటా పుస్తకం?" అని అమ్మ అడిగితే "సంతకానికండి" అనేవాడు. అబద్ధం కూడా కాదు. మర్నాడు నోట్సు తిరిగొచ్చేది. మధ్యాహ్నం గంటకి సైకిలు మీద సరుకులు వచ్చేవి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం గంట ఇంకా కొట్టలేదు, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు వచ్చారు. నేరుగా మూడో తరగతికి వచ్చి నోట్సు అందుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. ఆ పేజీ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

బోధనాంశం: తూనికలు, కొలతలు.
పూర్వజ్ఞానం: క్రితంసారి తెచ్చిన కందిపప్పు ఉడకలేదు.
బోధనోపకరణాలు: కందిపప్పు అరకేజీ, చింతపండు పావు, బెల్లం పావు, ఇంగువ.

ఇంగువ కింద, నీలం ఇంకుతో, నాది కాని చేతిరాతలో: సన్నజాజులు 2 మూరలు.

నాకు చెవుల్లో హోరు. ఆయన కళ్లజోడు సవరించుకుని, "పాఠంలో జీవితం ఉండాలని మేం మొత్తుకునేది ఇందుకే. మరి ఉపకరణాలేవమ్మా?" అన్నారు. నేను నోరు తెరవబోయేలోగా కిటికీ పక్క గుంట అరిచింది: "టీచరమ్మగోరూ! మీయాయన మావిడిసెట్టు కాడ నిలబడున్నాడండి! సంచీ ఉందండి!"

ఎంఈఓ గారు పిలవమన్నారు. వచ్చారు. గడప బయటే ఆగిపోయారు, పాపం, ఆషాఢం కదా.

గోడ మేకుకి వమరవల్లి తక్కెడ వేలాడుతోంది. దించాను. అరకేజీ కందిపప్పు ఒక చిప్పలో పట్టదు, పావులు పావులుగా తూచాం. బరువులకి చింతపండు పొట్లమే దిక్కు. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి పప్పు పోశారు, తీశారు, సగం నేల మీద ఒలికింది. "కేజీ అంటే ఎంత?" అని ఎంఈఓ గారు అడిగితే కళాసీ కొడుకు లేచి, "మూడు కేజీలంటే నెల్లాళ్లు బడికి రావాలండి" అన్నాడు. నెలకి పిల్లాడికి 3 కేజీల బియ్యం ఇచ్చే రోజులవి, 80 శాతం హాజరుంటేనే. ఆయన ఆ జవాబుకి మార్కులు వేశారు. పూలు బయటికి తీసి మూరతో కొలిపించారు. ఆయన మూరతో కొలిస్తే ఒకటిన్నరే వచ్చింది. "పూల కొట్టువాళ్లది చిన్న మూర" అని గడప బయట నుంచి గొణుగుడు.

అయిపోయిందనుకున్నాను. పేజీ చివర మూల్యాంకనం ఉన్న సంగతి మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. గట్టిగా చదివారు:

"అమ్మ సాయంత్రం 5 గంటలకు గుడికి వెళ్లి 6.15కి తిరిగి వచ్చును. అమ్మ ఇంట్లో లేని సమయం ఎంత?"

పిల్లలు వేళ్లు మడుస్తున్నారు. ఎంఈఓ గారు సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగారు. ఈలోగా గడప బయట నుంచి, సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "గంటంబావు" అన్నారు.

హెడ్మాస్టారికి దగ్గు తెర వచ్చింది. బయటికి వెళ్లిపోయారు. ఎంఈఓ గారు నన్ను చూశారు, గడప వైపు చూశారు, పచ్చ ఇంకు పెన్ను తీసి 'చూచితిని' అని సంతకం పెట్టారు. "బరువు, పొడవు, కాలం, మూడూ ఒకే పాఠంలో ఇమిడ్చారు. టీచర్ సెంటర్ మీటింగులో ఇదే పాఠం అందరికీ చెప్పి చూపించండి" అని జీపెక్కారు.

ఆ మీటింగుకి డైట్ తరఫున ఎవరొచ్చారో మీరు ఊహించగలరు. చిప్పల మాస్టారు చివరి బెంచీలో కూర్చుని పాఠం మొత్తం చూశారు. అయ్యాక నోట్సు అడిగి తీసుకుని నెమ్మదిగా తిరగేశారు. "తూనికల పాఠంలో ఇంగువ ఎందుకమ్మా?" అన్నారు. "వాసనకి సార్" అన్నాను, ఇంకేం తోచక. ఆయన నవ్వలేదు. "బాగుంది. మూల్యాంకనం పిల్లలకి ఇచ్చే ముందు ఒకసారి మీ అమ్మగారికి ఇచ్చి చూడాల్సింది." తర్వాత నా తక్కెడని పైకెత్తి ముడి చూశారు. ఏమీ అనలేదు. అది ఆయన వేసిన ముడే.

ఆ తర్వాత చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు. రెగ్యులర్ అయ్యాను, ట్రాన్స్‌ఫర్లు, ఇద్దరు పిల్లలు. ఆయన మిల్లు మానేసి విజయనగరంలో సొంతంగా బియ్యం కొట్టు పెట్టారు. ఇల్లు కట్టాం, పైన ఇంకో వాటా కూడా వేశాం. నేను ఇప్పుడు హెచ్ఎంని. ఆ కళాసీ కొడుకు లెక్కల స్కూల్ అసిస్టెంటు. మొన్న పెద్దమ్మాయికి మెగా డీఎస్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) పోస్టు వచ్చింది, బేసిక్కే 32,670. నా పాత అపాయింట్‌మెంట్ కాగితం చూపిస్తే, "398 అంటే రోజుకా అమ్మా?" అంది. వచ్చే వైశాఖంలో దాని పెళ్లి. ఈసారి అధికం జ్యేష్ఠంలో పడింది, అల్లుడు బతికిపోయాడు.

ఆ నోట్సు బీరువాలో ఉంది. కలిసే రోజున తెస్తాను. తక్కెడ కూడా తెద్దామనుకున్నాను కానీ ఒక చిప్పని ఎలుకలు కొట్టేశాయి. సన్నజాజుల వరస తన చేతిరాత కాదని మా ఆయన ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నారు. కళాసీ కొడుకు రాసి ఉంటాడట. మూడో తరగతి పిల్లాడు 'సన్నజాజులు' అని తప్పు లేకుండా రాస్తాడా, మీరే చూసి చెప్పండి. మీరంతా టీచర్లే కదా.