అరికాల్లో మెలనోమా: నా అనుభవం

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చినప్పుడు నా చూపు "మెలనోమా" అన్న మాట దగ్గరే, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ దగ్గరే, ఆగిపోయింది. డాక్టరు గారు మాత్రం దాన్ని దాటి, కింద ఉన్న ఒక అంకె మీద వేలు పెట్టారు. "ఇది చూడండమ్మా. బ్రెస్లో లోతు 0.9 మిల్లీమీటర్లు. ఇక మనం చేయాల్సిందేమిటో చాలావరకు ఇదే చెబుతుంది" అన్నారు ఆవిడ. మెలనోమా చర్మంలో ఎంత లోతుకు దిగిందో మైక్రోస్కోపు కింద కొలిస్తే, రోగి ఎంతవరకు కోలుకుంటారో అంచనా వేయొచ్చని అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు 1970లో చూపించారు. ఇన్నేళ్లయినా వైద్యులు మొదట చూసేది ఆ కొలతనే. మచ్చ వెడల్పు చూసి నేను భయపడుతుంటే, ఆవిడ లోతు చూసి కాస్త ధైర్యం చెప్పారు.

మచ్చను ముందుగా చూసింది మా అక్క. నేను బోర్లా పడుకుని ఉంటే "అరికాల్లో ఈ నల్లమచ్చేంటే? ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది. నాకు తెలీదు. అరికాలు మనం రోజూ చూసుకునే చోటు కాదు కదా. సిరా మరకేమోనని సబ్బుతో రుద్ది చూసింది, పోలేదు. నొప్పి లేదు, దురద లేదు. ఒక పక్క లేత గోధుమరంగు, ఇంకో పక్క కటిక నలుపు, అంచులు వంకరటింకర. ఆ రంగుల తేడా నచ్చకే అక్క నన్ను చర్మవైద్యుల దగ్గరికి బయల్దేరదీసింది.

డాక్టరు గారు మచ్చ మీద కాస్త జెల్ రాసి, చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మటోస్కోపు ఆనించి చాలాసేపు చూశారు. వేలిముద్రల్లో ఉన్నట్టే అరికాల్లోనూ గీతలుంటాయి. దగ్గర్నుంచి చూస్తే అది దున్నిన నేలలా గట్లూ చాళ్లూగా కనిపిస్తుంది. మామూలు పుట్టుమచ్చయితే నల్లరంగు చాళ్లలో పేరుకుంటుంది. మెలనోమాలో గట్ల మీద పరుచుకుంటుంది. నాకు గట్ల మీద ఉంది. ఇంత చిన్న తేడాను పట్టుకునే పద్ధతి ఒకటుందని తెలిసి నాకు ఆశ్చర్యంతో పాటు కృతజ్ఞత కూడా కలిగింది. ఆ పరికరం లేకపోతే మచ్చను "ఆనెకాయేమో, మందు వాడి చూద్దాం" అని ఏ మందో రాసి పంపేసేవారు. అరికాల్లో వచ్చే మెలనోమాను ఆనెగానో, పులిపిరిగానో, గోరు కింద వస్తే కమిలిన రక్తంగానో, ఫంగస్‌గానో పొరబడటం చాలాచోట్ల జరిగేదేనట. అందుకే అరికాల్లోనో గోటిలోనో నల్లగా ఉన్నదాన్ని పరీక్షకు పంపకుండా ఎవరైనా కాల్చేస్తామన్నా, గీరేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

బయాప్సీకి ముందు ఒకటే ప్రశ్న అడిగాను: "పైపైన గీరి తీస్తారా, మొత్తం తీస్తారా?" చుట్టూ సన్నటి అంచుతో సహా మచ్చ మొత్తం, కింది కొవ్వు దాకా తీస్తామన్నారు. పైపైన గీరితే లోతు కొలవడానికి ఏమీ మిగలదు. మచ్చ మరీ పెద్దదై మొత్తం తీయడం కుదరకపోతే, అన్నిటికన్నా అనుమానంగా ఉన్న చోట ముక్క తీస్తారు. అరికాల్లో మత్తు సూది మాత్రం బాగా నొప్పి పెట్టింది, ఆ సంగతి ముందే తెలియడం మంచిది. తర్వాత ఏమీ తెలియలేదు. అక్కడి చర్మం మానడానికి సమయం పడుతుంది కాబట్టి కుట్లు కూడా మిగతా చోట్లకన్నా ఎక్కువ రోజులే ఉంచారు.

రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల గురించి చెప్పడానికేం లేదు. నిద్ర పట్టలేదు, అంతే.

0.9 అన్న అంకె వల్ల రెండు పనులు తేలాయి. లోతు ఒక మిల్లీమీటరు లోపే ఉంది కాబట్టి, మచ్చ ఉన్న చోటు చుట్టూ ఒక సెంటీమీటరు మేర ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని కూడా తీసేయాలి. 0.8 దాటింది కాబట్టి, కణాలు లింఫు గ్రంథులకు చేరాయేమో చూడాలి. గజ్జల్లో బిళ్లలు కట్టాయంటామే, ఆ గ్రంథులే. కాలి నుంచి వచ్చే ద్రవం ముందుగా ఏ గ్రంథికి చేరుతుందో కనిపెట్టి, దాన్ని మాత్రమే తీసి పరీక్షిస్తారు. ఇదే సెంటినెల్ నోడ్ బయాప్సీ. అమెరికా సర్జన్ డొనాల్డ్ మోర్టన్ బృందం 1992లో దీన్ని ప్రచురించకముందు, అనుమానం మీదే గ్రంథులన్నీ తీసేయడం, దాంతో జీవితాంతం కాలు వాచి ఉండటం చాలామందికి తప్పలేదు.

ఆపరేషన్‌కు ముందు అరికాల్లో రేడియోధార్మిక ద్రవం కొద్దిగా ఎక్కించి, అది గజ్జల దాకా వెళ్లే దారిని ఫొటోలు తీశారు. మత్తిచ్చాక నీలి రంగు కూడా ఎక్కించారు. మూత్రం నీలంగా, ఆకుపచ్చగా రావచ్చని నర్సు ముందే చెప్పింది కాబట్టి మర్నాడు కంగారు పడలేదు. అరికాల్లో చర్మం లాగి కుట్టడానికి వీల్లేక, తొడ నుంచి పలచటి చర్మం తీసి అతికించారు. నిజం చెప్పాలంటే అరికాలికన్నా తొడ మీది గాయమే ఎక్కువ మండింది. చాలా రోజులు ఆ కాలు నేల మీద మోపనివ్వలేదు. గ్రంథిలో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది. మందులు అవసరం లేదన్నారు. చెకప్‌లు మాత్రం తప్పవు: తల నుంచి కాలి వేళ్ల సందుల దాకా చర్మం, గోళ్లు, గజ్జల్లో గ్రంథులు అన్నీ చూస్తారు.

"ఎండలో తిరిగినందుకే వచ్చిందా?" అని అందరూ అడిగారు, సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు. వాళ్ల మంచితనం అర్థమైంది కానీ, అరికాలికి ఎండెక్కడ తగులుతుంది? చర్మ క్యాన్సర్ అంతా ఒకటి కాదు. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే బేసల్ సెల్ రకానికి, స్క్వామస్ రకానికి, తెల్లచర్మం వాళ్లలో వచ్చే మెలనోమాలో ఎక్కువ భాగానికి ఎండే ప్రధాన కారణం. అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏలో పక్కపక్కనున్న అక్షరాలను అతికించేస్తాయి. కణం దాన్ని సరిచేసుకోలేనప్పుడు తప్పు మిగిలిపోతుంది. ఆ మరమ్మతు శక్తి పుట్టుకతోనే లోపించిన జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు రావడమే దీనికి సాక్ష్యం. అల్బినిజం ఉన్నవాళ్లకూ, అంటే పుట్టుకతోనే చర్మానికి రంగు లోపించినవాళ్లకూ, ఎండ నుంచి రక్షణ ప్రాణావసరం.

సన్‌స్క్రీన్ పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 1992లో 1,621 మందితో ఒక ప్రయోగం మొదలైంది. సగం మంది రోజూ రాసుకున్నారు, మిగతావాళ్లు తమకు తోచినప్పుడు. 2011లో వచ్చిన ఫలితాల ప్రకారం రోజూ రాసుకున్నవాళ్లలో 11 మందికి, రెండో వర్గంలో 22 మందికి కొత్తగా మెలనోమా వచ్చింది.

నల్లచర్మం వాళ్లలో లెక్క వేరు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనల్ని ఎండ నుంచి చాలావరకు కాపాడుతుంది. మనలో చర్మ క్యాన్సర్ తక్కువే, అనవసరంగా భయపడాల్సిన పనిలేదు. కానీ మెలనోమా వచ్చినప్పుడు అది తరచూ ఎండ పడని చోటే వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద. గోటిలో ఒక నల్లగీత కొత్తగా వచ్చి వెడల్పవుతున్నా, ఆ నలుపు గోరు మొదట్లోని చర్మం మీదికి పాకినా చూపించుకోవాలి. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఈ రకమే. 1981లో 36 ఏళ్లకే ఆయన చనిపోయారు. ఇక స్క్వామస్ రకం మనలో పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో పుట్టొచ్చు. తాగే నీటిలో ఆర్సెనిక్ ఉండటం, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడటం కూడా ముప్పును పెంచుతాయి.

మరి నాకెందుకు వచ్చింది? డాక్టరు గారు సూటిగా కారణం చెప్పలేమన్నారు. అరికాల్లో బరువు పడే చోట్ల ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని అధ్యయనాలున్నాయి. 2017లో ప్రచురించిన పూర్తి జన్యుపటాల అధ్యయనంలో ఈ రకం కణితుల్లో ఎండ ముద్ర పెద్దగా కనిపించలేదు, క్రోమోజోముల ముక్కలు తెగి తారుమారవడమే ఎక్కువ కనిపించింది. చికిత్సలోనూ ఆ తేడా ఉంది. రోగనిరోధక కణాలకున్న కళ్లెం విప్పే మందులు 2011 నుంచి వచ్చి, ముదిరిన మెలనోమా చికిత్సనే మార్చేశాయి. వాటికి దారి చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. అవే మందులు అరికాలి రకంలో అంత బాగా పనిచేయడం లేదు. బీర్యాఫ్ జన్యువులో మార్పు ఉంటే ఇచ్చే మాత్రలకు కూడా ఈ రకంలో తక్కువ మందే అర్హులు. మెలనోమా పరిశోధన ఎక్కువగా తెల్లచర్మం వాళ్ల మీదే జరిగింది. మా రకం నమూనాలు తక్కువ.

ఆపరేషన్‌కు ముందు ఒక పత్రం ఇచ్చారు: పరీక్షలకు పోగా మిగిలిన కణజాలాన్ని పరిశోధనకు వాడుకోవచ్చా అని. పేరు బయటికి రాదు, వద్దన్నా వైద్యం మారదు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు అని రాసి ఉంది. అక్కా నేనూ పూర్తిగా చదువుకుని, జన్యుపరీక్షల్లో ఏమైనా తేలితే మాకు చెబుతారా అని అడిగాం. కుటుంబానికి పనికొచ్చేదైతే చెబుతామన్నారు. సంతకం పెట్టాను.