కడుపులో బిడ్డ, కిడ్నీలో స్టెంట్

ఆరో నెల నడుస్తుండగా నాకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. నల్లగొండలో స్కానింగ్ తీస్తే కుడి కిడ్నీ ఉబ్బి కనిపించింది. గర్భసంచి పెరిగేకొద్దీ కుడివైపు ఒరిగి, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళాన్ని నొక్కుతుంది, హార్మోన్ల వల్ల నాళం వదులవుతుంది, కాబట్టి కొంచెం ఉబ్బు చాలామంది గర్భిణులకు ఉండేదే. నా విషయంలో మాత్రం నాళంలో రాయి అడ్డుపడింది. వాంతులు, నిలబడనివ్వని, కూర్చోనివ్వని నొప్పి. పారాసిటమాల్ తప్ప గట్టి మాత్ర ఏదీ సొంతంగా వేసుకోవద్దన్నారు. హైదరాబాద్ తీసుకెళ్లారు.

కడుపుతో ఉన్నప్పుడు బయటి నుంచి తరంగాలతో రాయి పగలగొట్టరు. బిడ్డకు రేడియేషన్ తగులుతుందని సీటీ స్కాన్ కూడా వీలైనంతవరకు వద్దంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది కాబట్టి ముందు డీజే స్టెంట్ వేసి దారి తెరుద్దాం, రాయి సంగతి కాన్పు అయ్యాక చూద్దాం అన్నారు యూరాలజీ డాక్టర్. జానెడు కంటే కాస్త పొడవున్న మెత్తని సన్న గొట్టం అది. ఒక కొస చుట్టుకుని కిడ్నీలో ఉంటుంది, ఇంకో కొస మూత్రాశయంలో. మా అత్తమ్మ అడిగిన మొదటి మాట, "సారూ, లోపల బిడ్డకు తాకదా అది?" నా మనసులోని భయం కూడా అదే. బిడ్డ ఉండే సంచి వేరు, ఈ దారి వేరు అని డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. వెన్నులో మత్తు ఇచ్చి, ఎక్స్‌రే లేకుండా అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేశారు.

రాయి నొప్పి ఆ రోజే పోయింది. స్టెంట్ బాధ మొదలైంది. ఊరికే మూత్రం వస్తున్నట్టు అనిపిస్తుంది. పోసేటప్పుడు, ముఖ్యంగా చివర్లో, డొక్కలోకి గుంజినట్టు నొప్పి. స్టెంట్ ఉన్నన్నాళ్లు మూత్రం కొంత పైకి ఎదురు తన్నుతుందట, అందుకే ఆ గుంజుడు. ఎక్కువ నడిచినా, ఆటోలో కుదుపులు తగిలినా మూత్రం లేత ఎరుపుగా వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు బిడ్డకేమైనా అయిందేమోనని చేతులు వణికాయి. ఎరుపు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడానికి తెల్ల గుడ్డ పెట్టుకుని చూసుకోమని నర్సమ్మ చెప్పింది. మూత్రంలోనే కొంచెం రంగు, నీళ్లు తాగితే తేలికపడితే అది స్టెంట్ వల్లే. యోని దారిన రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే కాన్పుల డాక్టర్ దగ్గరికి.

నీళ్ల గురించి మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. నల్లగొండలో ఏ జబ్బు వచ్చినా ముందు ఫ్లోరైడ్ నీళ్లనే అంటారు. ఆ నీళ్లు పళ్లను, ఎముకలను ఏం చేశాయో మా పెద్దవాళ్లలో చూస్తూనే ఉన్నాం. కానీ నా రాయికి అదే కారణమని ఏ డాక్టరూ అనలేదు, ఎండాకాలం నీళ్లు తక్కువ తాగడం గురించే అడిగారు. రోజుకు మూడు లీటర్ల దాకా తాగమన్నారు. రాళ్లు కరుగుతాయని ఎవరో కొండపిండి ఆకు కషాయం చెబితే, కడుపుతో ఉండగా ఆకుపసర్లు, కషాయాలు ఏవీ వద్దని గట్టిగా చెప్పారు.

ఏడో నెల దాటాక ఒక సాయంత్రం చలితో జ్వరం వచ్చింది. దగ్గర్లో చూపిస్తే స్టెంట్ ఉన్నవాళ్లకు ఇలాగే ఉంటుందని జ్వరం మాత్రలిచ్చి పంపారు. రాత్రికి పళ్లు కొట్టుకునేంత వణుకు, పొత్తికడుపు రాయిలా బిగుసుకోవడం. మా ఆయన ఆలస్యం చేయలేదు, నార్కట్‌పల్లి మీదుగా రాత్రికి రాత్రే హైదరాబాద్. స్టెంట్ పూడుకుపోయి ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది, దాంతో నెలలు నిండకుండానే నొప్పులు మొదలవుతున్నాయి. సెలైన్‌లో యాంటీబయాటిక్, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజక్షన్లు, పాత స్టెంట్ తీసి కొత్తది వేయడం, అన్నీ వెంటవెంటనే జరిగాయి. బిడ్డ గుండె చప్పుడు మెషిన్‌లో వింటూ పడుకున్నాను. నొప్పులు ఆగాయి.

తీసిన స్టెంట్ చూపించమని అడిగాను. మా బోరు నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున పట్టే సున్నంలా తెల్లటి గరుకు పొర దాని కొస నిండా పట్టింది. మామూలు మనుషులకు స్టెంట్ నెలల తరబడి ఉంచుతారు. గర్భిణి మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది కాబట్టి తొందరగా గార కడుతుంది, అందుకే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మారుస్తారు. ఆ తర్వాత మార్చాల్సిన తేదీని క్యాలెండర్‌లో మా ఆయన, ఫోన్‌లో నేను, ఇద్దరం రాసుకున్నాం. స్టెంట్ వేయించుకున్న చెల్లెళ్లందరికీ చెబుతున్నాను: గుంజుడు, మంట ఓర్చుకోవచ్చు, చలిజ్వరం ఓర్చుకోకూడదు. ఎవరు మామూలే అన్నా, మూత్రంలో ఏ క్రిములున్నాయో చూసే కల్చర్ టెస్ట్ చేయమని అడగండి.

నెలలు నిండాక మామూలు కాన్పే అయింది. స్టెంట్ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేయాల్సిన పని లేదన్నారు. ఆడపిల్ల. బాలింతతనం కొంచెం గడిచాక సీటీ తీసి, మూత్రనాళంలోకి సన్న దుర్బిణి పంపి లేజర్‌తో రాయి పొడి చేశారు. కొన్నాళ్లకు చివరి స్టెంట్ కూడా తీసేశారు. ఇప్పుడు ఏడాదికోసారి స్కానింగ్ చేయించుకుంటున్నాను. రెండో బిడ్డ అనుకుంటే ముందుగా కిడ్నీలు చూపించుకుని రమ్మన్నారు.