కార్తీకంలో ఓ శని, ఆదివారాలు: శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం

శ్రీకాకుళంలో ఉంటూ చిన్నపిల్లలతో ఒక్కరోజు తిరిగి రావడానికి మేం పదేపదే ఎంచుకునే తోవ ఇది. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నవాడికి రెండున్నర. మూడు చోట్లూ దగ్గరదగ్గరే. శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం సుమారు పదమూడు కిలోమీటర్లు, కళింగపట్నం పాతిక, శాలిహుండం ఆ రెండింటికీ లోపలివైపు వంశధార ఒడ్డున. దూరం చూసి ఏ వరసలో వెళ్లినా ఒకటేననిపిస్తుంది గానీ, పిల్లలతో వెళ్తే వరసే ముఖ్యం. సముద్రం ముందు చూపిస్తే ఆ తర్వాత గుడీ లేదు, కొండా లేదు. తడిబట్టలు, ఒంటినిండా ఇసుక, ఇంకా ఆడుకుంటామని ఏడుపు. అందుకే పొద్దున్నే శ్రీకూర్మం గుడి, ఎండెక్కకముందే శాలిహుండం కొండ, ఆఖరున కళింగపట్నం సముద్రం.

శనివారం సాయంత్రం దాకా ఇంట్లోనే. ఆదివారం తినే తిండిలో సగం పని ఆరోజే అయిపోవాలి. చిమ్మిలికి గ్లాసు నువ్వులు, ముప్పావు గ్లాసు బెల్లం కోరు. నువ్వులు చిటపటమనే దాకా వేయించి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్దయిపోతుంది. అప్పుడు ఉండ కట్టినా చేతికి జిడ్డే. బెల్లం తడిగా ఉంటే రెండో రోజుకే వాసన వస్తుంది, పొడి బెల్లమే తీసుకోవాలి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి.

పులిహోర మాకు ఆవ పెట్టిందే కావాలి. రెండు గ్లాసుల బియ్యానికి పెద్ద నిమ్మకాయంత చింతపండు, చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిర్చి. చింతపండు పులుసు శనివారం రాత్రే ఉడికించి సీసాలో పెట్టేస్తే, ఆదివారం తెల్లవారి అన్నం వండి కలపడమే మిగులుతుంది. అన్నం పళ్లెంలో పరిచి, పసుపు, నూనె పట్టించి, బాగా ఆరాకే ఆవాలూ ఎండుమిర్చీ నూరిన ఆవముద్ద కలపాలి. వేడిలో కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. పిల్లల వాటా ఆవ కలపకముందే పక్కకు తీయాలి. వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీరై దిగి మధ్యాహ్నానికి పాడవుతుంది.

చిన్నవాడికి పెరుగన్నం. అన్నం మెత్తగా మెదిపి, గ్లాసు అన్నానికి గ్లాసున్నర గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలపాలి. ఉప్పు తినేటప్పుడే. పొద్దున్న ఆరింటికి కలిపితే పదకొండున్నరకి సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. ఇంట్లోంచే పెరుగు కలిపి పట్టుకెళ్తే ఆ వేళకి పులిసిపోతుంది.

శనివారం సాయంత్రం నాలుగింటికి అరసవల్లి. ఊరికి రెండు కిలోమీటర్లే. ఆదివారం సూర్యనారాయణస్వామి వారం, పైగా కార్తీకమంటే వరస ఎక్కడి నుంచి మొదలవుతుందో చెప్పలేం. చిన్నపిల్లలతో ఆరోజు వెళ్లనే వెళ్లకూడదు. శనివారం సాయంత్రం నెమ్మదిగా దర్శనమవుతుంది. అక్టోబరు మొదటి రోజుల్లో తెల్లవారుజామున సూర్యకిరణాలు స్వామి పాదాల్ని తాకుతాయి, మార్చిలోనూ అంతే. దానికోసం చీకటితోనే నిలబడాలి. ఆ వేళకి మబ్బు పడితే అదీ కనిపించదు. పిల్లలు కాస్త పెద్దయ్యాక వెళ్లడమే మంచిదని మా అభిప్రాయం.

ఆదివారం ఆరున్నరకి బయల్దేరాం. నలుగురికి రోజంతటికీ ఆరు లీటర్ల నీళ్లు, రెండు చాపలు, ఒక దుప్పటి, పిల్లలకి రెండేసి జతల బట్టలు, తువ్వాలు, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. చెప్పులు కాదు, బూట్లు. ఎందుకో శాలిహుండంలో తెలుస్తుంది. తోవ పొడుగునా వరి కంకులు వంగుతున్నాయి, ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు.

శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలు. ఏడింటికి చేరితే జనం ఉండరు, పిల్లలు ప్రదక్షిణ మండపంలో హాయిగా నడవొచ్చు. స్తంభాల మీదా గోడల మీదా ఉన్న పాత వర్ణచిత్రాలు చాలాచోట్ల వెలిసిపోయాయి. పిల్లల చేతులు వాటి మీద పడకుండా చూడాలి, చేతి చెమటకే రంగు లేస్తుంది. ఎదురుగా పుష్కరిణి మెట్లకి వానల తర్వాత ఈ రోజుల్లో పాచి పట్టి ఉంటుంది. కాళ్లు కడగాలంటే పెద్దవాళ్లు ముందు దిగి, పిల్లల్ని పైమెట్టు మీదే ఉంచి చెంబుతో పోయాలి.

అక్కడ పిల్లలు కదలనిది నక్షత్ర తాబేళ్ల దగ్గర. నల్లటి డిప్ప మీద బొడిపె బొడిపెకీ నడిమి నుంచి పసుపు గీతలు నాలుగువైపులా చీలి ఉంటాయి, ముగ్గులో చుక్క చుట్టూ గీసినట్టు. రెండింటిని పక్కపక్కన చూస్తే ఆ గీతలు ఒకలా ఉండవు. గీతలు లెక్కపెట్టమంటే పావుగంట గడుస్తుంది. ఆకుకూర నములుతున్నప్పుడు మెడ చాచి కొరికి వెనక్కి లాగడం తీరిగ్గా చూడాలి. బిస్కెట్లు, అరటిపండ్లు లోపలికి విసరకండి. వాటి తిండి ఆకులే, తీపి వాటికి అరగదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న ప్రాణులివి, చేత్తో ఎత్తడం, ఫొటో కోసం పట్టుకోవడం తప్పు.

ఎనిమిదిన్నరకి టిఫిను కానిచ్చి, తొమ్మిదికల్లా శాలిహుండం. వంశధార దక్షిణ ఒడ్డున కొండ మీది బౌద్ధ క్షేత్రం ఇది. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాష కోసం, సవరల భాష కోసం అంత పాటుపడిన మనిషి ఈ రాళ్లనీ ఇటుకల్నీ పట్టించుకున్నారంటే మాకు ఎంతో గౌరవం. పైన ఇటుక స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. బౌద్ధ దేవతలైన తార, మారీచి విగ్రహాలు ఇక్కడే దొరికాయి. పిల్లలకి ఇవేవీ చెప్పక్కర్లేదు. గుండ్రంగా కట్టిన ఇటుకల చుట్టూ నడవమంటే చాలు. ఇటుకల మీద మాత్రం ఎక్కనివ్వకండి.

వానాకాలం వెళ్లగానే కొండ మీద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంటుంది. అందులో పల్లేరు కాయలుంటాయి, చెప్పుల్లోంచి గుచ్చుకుంటాయి. పాములు తిరిగే వేళ కూడా ఇదే. బూట్లు వేసి, బాట వదలకుండా, ముందు నడిచేవాళ్లు కర్రతో తట్టుకుంటూ వెళ్లాలి. పైన నీడ లేదు, తాగునీరు దొరుకుతుందనుకోకూడదు. పదిన్నర దాటితే రాయి కాలుతుంది, చిన్నవాడిని మోయాల్సి వస్తుంది. మేం గంటా పావు మించి ఉండం. దిగేముందు కాసేపు నిలబడితే కింద వంశధార ఇసుకమేటల మధ్య చీలి తూర్పుకి పోవడం కనిపిస్తుంది.

కళింగపట్నం చేరేసరికి పదకొండు. ఆ ఎండలో పిల్లల్ని ఇసుకలోకి దించొద్దు. నేరుగా సరుగుడు తోటలోకి వెళ్లాలి. రాలిన సరుగుడు కాయలు వెన్నులో గుచ్చుకుంటాయి, చీమలుంటాయి. కాళ్లతో జాగా ఊడ్చి, రెండు చాపలూ ఒకదానిపై ఒకటి పరిచి పైన దుప్పటి వెయ్యాలి. భోజనం పదకొండున్నరకి, పన్నెండు నుంచి రెండున్నర దాకా నిద్ర. ఈ నిద్ర తప్పితే సాయంత్రం ఆట ఉండదు, ఏడుపే. అందుకే మా ప్రయాణమంతా ఈ రెండున్నర గంటల చుట్టూ అల్లుకున్నాం.

మూడింటికి ఇసుకలోకి. వంశధార సముద్రంలో కలిసే మొగ ఇక్కడే. వలలు బాగుచేసుకుంటున్న ఒకామె మమ్మల్ని చూసి, "అమ్మా, గుంటల్ని మొగేపు ఒగ్గకండి" అంది, పిల్లల్ని మొగవైపు వదలొద్దని. ఆ మాట ఊరికే అనరు. ఏటి నీరు లోపలి నుంచి తోస్తుంది, కెరటం బయటి నుంచి కొడుతుంది, అడుగున ఇసుక జరుగుతూనే ఉంటుంది. నిన్న మోకాలి లోతున్నచోట ఇవాళ మనిషి మునుగుతాడు. వానల తర్వాత ఏటిలో వడి ఇంకా ఎక్కువ. మొగకి బాగా దూరంగా, కెరటం అందని తడి ఇసుకలో మూరెడు వెడల్పు, జానెడు లోతు గొయ్యి తవ్వితే అడుగున నీరు ఊరుతుంది. చిన్నవాడికి ఆ గొయ్యే సముద్రం. ఒకరు గొయ్యి దగ్గర, ఒకరు పిల్లలకీ కెరటానికీ మధ్య. ఇద్దరూ ఒకేసారి ఫోను చూడకూడదు.

వంగి చూస్తే చిన్నచిన్న పీతల కన్నాల చుట్టూ ఆవగింజలంత ఇసుక ఉండలు పరిచి ఉంటాయి. ఇసుకలోని తిండి తినేసి, మిగిలిన ఇసుకను ఉండ చేసి పక్కన పెడతాయి. అలికిడి లేకుండా రెండు నిమిషాలు కూర్చుంటే పీత పైకొచ్చి మరో ఉండ పెట్టడం కనిపిస్తుంది. తెగిన వలల్లో గాలాలుంటాయి, తెప్పల దగ్గర బూట్లు విప్పొద్దు.

ఈ కాలంలో బంగాళాఖాతంలో వాయుగుండాలు మామూలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. బయల్దేరే ముందురోజు వాతావరణ వార్త వినాలి. కళింగపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఏ నంబరు ఎగరేశారన్నా సరే, సముద్రం మానేసి శ్రీకూర్మంతో తిరిగి వచ్చేస్తాం.

నవంబరు మొదట్లో ఐదుంబావు దాటగానే పొద్దుగూకుతుంది. తోవలో దీపాల్లేని బళ్లు, ఇళ్లకు మళ్లే పశువులు ఎదురవుతాయి. నాలుగున్నరకి కదిలితే వెలుతురుండగానే ఊళ్లోకి వచ్చేస్తాం. కారెక్కే ముందు పిల్లల కాళ్లు తడిగా ఉంటే ఇసుక వదలదు. ముందు తువ్వాలుతో తుడిచి, ఆరాక పొడిచేత్తో దులిపితే దానంతటదే రాలిపోతుంది. ఉప్పునీటి బట్టలు ఆ రాత్రే మంచినీళ్లలో రెండుసార్లు జాడించి ఆరేస్తే, సోమవారం బడివేళకి ఇంట్లో ఆ వాసన ఉండదు.