తప్పితే ఏమవుతుందన్న భయం

పదో తరగతిలో లెక్కలు తప్పి, పెళ్లితో చదువు ముగిసి, లేసు అల్లికలో పడిపోయిన ఆడవాళ్లు మా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు. వారిలో నేనూ ఒకదాన్ని. పిల్లలు చేతికందివచ్చాక మళ్లీ చదవాలన్న కోరిక పుట్టినా, ఈసారి కూడా తప్పితే ఎలాగన్న భయం నన్ను చాలాకాలం కదలనివ్వలేదు. చిన్నతనంలో పరీక్ష పోతే ఆ బాధ విద్యార్థినిదే. నడివయసులో పోతే తల్లిగా, కోడలిగా, పదిమందికి పని నేర్పిన మనిషిగా కూడా ఓడిపోయినట్టు అనిపిస్తుంది. "పరీక్ష పోతే నలుగురిలో తలెత్తుకోగలవా వదినా?" అని పక్కింటావిడ అడిగిన మాట చాలా రోజులు నా చెవుల్లోనే ఉండిపోయింది.

ఆ భయం కొంత సడలింది ధైర్యవచనాల వల్ల కాదు, బడికి వెళ్లకుండా ఇంటి దగ్గరే చదువుకుని పదో తరగతి పరీక్ష రాసే వీలు కల్పించే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ నిబంధనలు చదివాకే. ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు ఉంటుంది, అందులో తొమ్మిదిసార్ల వరకు పరీక్ష రాయవచ్చు. కనీసం ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు పూర్తిచేస్తే చాలు, అవన్నీ ఒకేసారి రాయనక్కరలేదు, నెగ్గిన సబ్జెక్టు మన ఖాతాలోనే ఉంటుంది. లెక్కలు వద్దనుకునేవారు వాటి బదులు గృహవిజ్ఞానం వంటిది తీసుకోవచ్చు. అలా తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదని నా అభిప్రాయం. నేను మాత్రం లెక్కలే కావాలనుకున్నాను. మొదటి విడతలో తెలుగు, సాంఘికశాస్త్రం మాత్రమే రాశాను. అన్నీ ఒక్కసారే పోతాయన్న ఊహే మనిషిని కుంగదీస్తుంది కాబట్టి, కొత్తగా చేరేవారికి నేను మొదట చెప్పేది ఇదే: బాగా వచ్చినవి ఒకటి రెండు ముందు రాయండి.

ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఒకటుంది, అది చెయ్యి. ఏళ్ల తరబడి లేసు సూది పట్టిన వేళ్లు కలాన్ని కూడా అలాగే బిగించి పట్టుకుంటాయి. అర పేజీ దాటకుండానే బొటనవేలి మొదలు లాగేసేది, అక్షరాలు వంకరపోయేవి, తెలిసిన జవాబు కూడా సగంలో ఆగిపోయేది. చదివింది గుర్తుండదేమోనని భయపడ్డాను కాని, అసలు లోటు రాతలో ఉందని అప్పుడు అర్థమైంది. అందుకే తెల్లవారుజామున, ఇంట్లోవాళ్లు లేవకముందే, గడియారం ఎదురుగా పెట్టుకుని పాఠం చూసి రాయడం మొదలుపెట్టాను. లంకాకు చుట్టల వ్యాపారం చేసే మా మామగారు ఒక వేకువన చూసి, ఏమీ అనకుండా దీపం నా వైపు జరిపి వెళ్లారు. రాత కుదుటపడిన కొద్దీ పరీక్ష గది తలపు అంతగా వణికించడం మానేసింది.

లెక్కలు ఆ తరువాతి విడతలో రాశాను. నూటికి 33 రావాలి, నాకు తక్కువ వచ్చాయి. ఏళ్లుగా భయపడిన సంగతి చివరికి జరగనే జరిగింది. ఆ సాయంత్రం చాలా ఏడ్చాను, ఆ మాట దాచను. కాని నెగ్గిన సబ్జెక్టులు చెక్కుచెదరలేదు, పక్కింటావిడ ఒక్కపూట సానుభూతి చూపి తన పనిలో తాను పడింది, లేసు నేర్చుకునే పిల్లలు యథాప్రకారం వచ్చారు. వర్గసమీకరణాల దగ్గరే నా మార్కులు పోయాయి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఇప్పుడు రోజూ సాయంత్రం వాటినే చేయిస్తోంది, మళ్లీ పరీక్షకు ఫీజు కట్టేశాను.