మెంఫిస్‌లో ఒక మూసిన తలుపు, ఒక పెద్దాయన

అమెరికాలో మెంఫిస్ వెళ్ళొచ్చాం అనగానే అందరూ అడిగేది ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌ల్యాండ్ చూసారా అని. చూసాం. పీబాడీ హోటల్లో బాతులు ఎర్ర తివాచీ మీద నడిచి రావడం కూడా చూసాం, మా వాడికైతే ట్రిప్పు మొత్తంలో అదే నచ్చింది. బీల్ స్ట్రీట్ దగ్గర పార్కింగ్‌కి 25 డాలర్లు గుంజారు, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఇవన్నీ చాలామంది రాసేసారు కాబట్టి నేను వదిలేస్తున్నా. నాష్‌విల్ నుంచి ఐ-40 హైవే మీద మూడు గంటలు పైన డ్రైవ్ చేసుకుంటూ నేను వెళ్ళింది అసలు బిగ్ స్టార్ అనే బ్యాండ్ కోసం.

ఇంజనీరింగ్ హాస్టల్లో నా రూమ్మేట్ లీడ్ గిటార్ వాయించేవాడు, నేను వెనకాల రిథమ్ గిటార్ కొట్టేవాణ్ణి, అలా మాదీ ఒక బ్యాండ్ ఉండేది. ఈ బిగ్ స్టార్ పాటలు వాడి హార్డ్ డిస్క్‌లోంచే విన్నా మొదట. వీళ్ళది పవర్ పాప్ అన్నాడు, పవర్ పాప్ అంటే ఏంట్రా అని అడిగితే వాడు గిటార్ తీసి వాయించి చూపించాడు, పాడుకోడానికి తియ్యటి ట్యూను, దాని కింద గట్టిగా గణగణమని మోగే గిటార్లు, కోరస్‌లో రెండు మూడు గొంతులు కలవడం, మూడు నాలుగు నిమిషాల్లో పాట అయిపోవడం, అంతే. ఫైనలియర్లో ఎవరి పాట ముందు పాడాలి అన్న చిన్న విషయం మీద మాటామాటా పెరిగింది, వాడు వెళ్ళిపోయాడు, బ్యాండ్ అక్కడితో ఆగిపోయింది. అందుకేనేమో ఈ బ్యాండ్‌లో ఎవరెప్పుడు వెళ్ళిపోయారు అన్నది నాకు మొదట్నుంచీ పాటలతో పాటే గుర్తుండిపోయింది.

ఆదివారం పొద్దున మాడిసన్ ఎవెన్యూ మీద 2000 నంబర్ బిల్డింగ్ ముందు కారు ఆపా. ఆర్డెంట్ స్టూడియోస్, బిగ్ స్టార్ పాటలు రికార్డ్ చేసిన చోటు. మ్యూజియం కాదు కాబట్టి టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళే పద్ధతేం లేదు, తలుపు మూసి ఉంది. మా ఆవిడ కారు దిగి అటూ ఇటూ చూసి "ఏంటండీ, ఈ తలుపు కోసమా మూడు గంటలు వచ్చాం?" అంది. అవును దానికోసమే. 1971లో ఈ ఊరి కుర్రాళ్ళు నలుగురు కలిసారు. క్రిస్ బెల్, ఆండీ హమ్మెల్, జోడీ స్టీఫెన్స్ అప్పటికే కలిసి వాయిస్తున్నారు, వాళ్ళతో అలెక్స్ చిల్టన్ చేరాడు. చిల్టన్ అంతకుముందే 16 ఏళ్ళకి బాక్స్ టాప్స్ అనే బ్యాండ్‌తో 1967లో దేశమంతా నంబర్ వన్ హిట్టు పాడేసినవాడు. స్టూడియో ఓనర్ జాన్ ఫ్రై వీళ్ళకి రికార్డింగ్ పని కూడా నేర్పించి, రాత్రిళ్ళు స్టూడియో వాడుకోనిచ్చాడు. బ్యాండ్ పేరు కూడా పెద్దగా ఆలోచించి పెట్టింది కాదు, రికార్డింగ్ మధ్యలో చిరుతిళ్ళు కొనుక్కోడానికి వెళ్ళే సూపర్ మార్కెట్ పేరే బిగ్ స్టార్.

1972లో వచ్చిన మొదటి ఆల్బం పేరు నంబర్ వన్ రికార్డ్. ఎంత నమ్మకం ఉంటే ఆ పేరు పెడతారు! రివ్యూలు రాసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు, కానీ షాపులకి చేర్చాల్సిన డిస్ట్రిబ్యూషన్ దెబ్బతినేసింది, అప్పట్లో 10 వేల కాపీలు కూడా అమ్ముడుపోలేదు. ఆ ఏడాది చివర్లోనే బ్యాండ్ మొదలుపెట్టిన బెల్ బయటికొచ్చేసాడు.

అక్కణ్ణుంచి నడిస్తే నాలుగైదు నిమిషాల్లో ఓవర్టన్ స్క్వేర్, అక్కడ లఫాయెట్స్ మ్యూజిక్ రూమ్ అనే పాటల క్లబ్బు. బెల్ వెళ్ళిపోయాక మిగిలిన ముగ్గురూ 1973 జనవరిలో వాయించింది ఇక్కడే, వేరే వాళ్ళ షోకి ఓపెనింగ్‌గా. మధ్యలో చాలా ఏళ్ళు మూసేసి 2014లో మళ్ళీ తెరిచారు. దారిలో ఒక పాత రికార్డుల షాపులో బిగ్ స్టార్ రెండో ఆల్బం రేడియో సిటీ ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) కనిపిస్తే కొన్నా, 32 డాలర్లు, టాక్స్ ఎక్స్‌ట్రా. మా ఆవిడ ఏమీ అనలేదు, చూసింది అంతే.

లంచ్‌కి కూర్చుని ఎల్పీ టేబుల్ మీద పెట్టా. అట్ట మీద విలియం ఎగల్‌స్టన్ తీసిన ఫోటో, రక్తం రంగు సీలింగ్, మధ్యలో ఒక బల్బు, దాని నుంచి పాకే తెల్ల వైర్లు. పక్క టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చున్న పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, చాలాసేపు ఆ అట్ట వైపే చూసి "ఒకసారి ఇస్తారా?" అని అడిగాడు. ఇచ్చా. చేతులు ప్యాంటుకి తుడుచుకుని మరీ తీసుకున్నాడు. కాలేజీ రోజుల్లో లిటిల్ రాక్‌లో ఒక రికార్డుల షాపులో పనిచేసేవాడట. మొదటి ఆల్బం ఎఫ్ఎంలో విని జనం వచ్చి అడిగేవాళ్ళు, ఈయన డిస్ట్రిబ్యూటర్లకి ఫోన్ చేస్తే స్టాక్ లేదు అనేవాళ్ళు, మళ్ళీ వారం మళ్ళీ అదే మాట. అడిగినవాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాసుకున్నాడట, వస్తే చెబుదామని. "ఒక్కళ్ళకి కూడా ఇవ్వలేకపోయాను, ఈ ఊరు అక్కడికి రెండు గంటల దూరం" అన్నాడు. యాభై ఏళ్ళ కిందటి మాట, నిన్న జరిగినట్టు బాధపడుతున్నాడు ఆయన.

తర్వాత అట్ట వెనక్కి తిప్పాడు. అక్కడ ముగ్గురి ఫోటో ఉంటుంది. ఒక్కొక్కరి మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, పక్కనున్న ఖాళీ మీద గోటితో చిన్నగా తట్టాడు. "నాలుగోవాడు కూడా ఉన్నాడు, పేరు వెయ్యలేదంతే." నిజమే, ఈ ఆల్బం పాటల్లో కొన్నిటికి బెల్ చెయ్యి ఉందని అంటారు, క్రెడిట్స్‌లో మాత్రం కనపడదు. మొదటి ఆల్బం అద్దంలా మెరిసిపోతూ ఉంటే ఇది కాస్త గరుగ్గా, తాళం తప్పుతుందేమో అన్నట్టుండి తప్పకుండా నడుస్తుంది, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం, ఆయనకి మొదటిదిట. ఇదీ షాపులకి సరిగ్గా చేరలేదు. హమ్మెల్ కూడా కాలేజీకి వెళ్ళిపోయాడు, మూడో ఆల్బం నాటికి చిల్టన్, స్టీఫెన్స్ ఇద్దరే మిగిలారు, 1974లో రికార్డ్ చేసింది 1978 దాకా బయటికే రాలేదు. అదే ఏడాది డిసెంబర్ 27న క్రిస్ బెల్ కారు యాక్సిడెంట్లో పోయాడు. 27 ఏళ్ళు.

నేనడిగా, 1993లో మిస్సోరీలో మళ్ళీ వాయించారు కదా, చూసారా అని. పోసీస్ బ్యాండ్ నుంచి జాన్ ఆవర్, కెన్ స్ట్రింగ్‌ఫెలో వచ్చి చిల్టన్, స్టీఫెన్స్‌తో కలిసారు, చిన్నప్పుడు ఆ పాటలు విని పెరిగినవాళ్ళు వెళ్ళిపోయినవాళ్ళ చోట నిలబడి పాడారు, ఆ నలుగురూ అలా 2010లో చిల్టన్ పోయేదాకా కొనసాగారు. "చూళ్ళేదు. టికెట్ కొనుక్కున్నా, వెళ్ళలేకపోయా" అన్నాడు ఆయన. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎల్పీ రెండు చేతులతో తిరిగిచ్చి, మా వాడి తల నిమిరి వెళ్ళిపోయాడు. 2010 జులైలో హమ్మెల్ కూడా పోయాడు, మొదటి నలుగురిలో ఇప్పుడున్నది జోడీ స్టీఫెన్స్ ఒక్కడే, ఆయన ఆ ఆర్డెంట్‌లోనే ఏళ్ళ తరబడి పనిచేసాడు.

తిరుగు ప్రయాణంలో పాప్లర్ ఎవెన్యూ మీదుగా వచ్చాం, బెల్ యాక్సిడెంట్ అయిన రోడ్డు అదే. నేను చెప్పలేదు, కానీ స్లోగా నడిపా. హైవే ఎక్కాక మొదటి ఆల్బం పెట్టా. మా వాడు వెనక సీట్లో నిద్రపోయాడు. హమ్మెల్ ఇండియా మీద రాసి పాడిన పాట ఒకటుంది అందులో, అది వస్తే మా ఆవిడ వాల్యూమ్ పెంచి మళ్ళీ ఇంకోసారి పెట్టమంది. తర్వాత ఆల్బం మొదటి నుంచి వేసా, పాట పాటకీ ఇది ఎవరు పాడారు అని అడుగుతూ వచ్చింది, ఇది బెల్, ఇది చిల్టన్ అని చెబుతూ వచ్చా. జాక్సన్ దాటాక ఒక పాట మొదలై గొంతు పైకి లేవగానే నేను నోరు తెరిచేలోపే "ఇది ఆ వెళ్ళిపోయినబ్బాయి కదా" అంది.