సెకండ్ హ్యాండ్ అంటే ఎన్నో చెయ్యి?

మా మరిదికి కాలేజీకి బండి కావాలని ఈ మధ్య బెజవాడలో ఆటో కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నాం. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "సింగిల్ హ్యాండ్ బండి మేడమ్, డాక్టరుగారు వాడింది." ఎవరో గానీ ఆ డాక్టరుగారు, ఊళ్లో సగం బళ్లు ఆయనే నడిపినట్టున్నారు.

నేను పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. అందుకే నా చెవి ధర వదిలేసి ఆ 'హ్యాండ్' దగ్గర ఆగింది. మనం నిజంగానే చేతులు లెక్కపెడతాం. ఒక్కరే వాడితే సింగిల్ హ్యాండ్, ఇద్దరి చేతులు మారితే థర్డ్ హ్యాండ్ అని బేరం దించేస్తాం. ఆర్సీలో ఓనర్ సీరియల్ కూడా ఉంటుందాయె. ఇంగ్లీషులో అంత లెక్క లేదు. కొత్తది కాకపోతే చాలు, నలుగురు వాడి వదిలేసినా సెకండ్-హ్యాండే. సింగిల్-హ్యాండెడ్ అంటే మాత్రం ఎవరి సాయమూ లేకుండా ఒంటిచేత్తో చేసిన పని. దానికీ బండికీ సంబంధం లేదు.

రాసేటప్పుడు బ్రిటిష్ పద్ధతిలో మధ్యలో గీత పెడతారు, అమెరికన్లు రెండూ కలిపేస్తారు. గీత తీసి విడివిడిగా రాస్తే గడియారంలో సెకన్ల ముల్లు అనుకునే ప్రమాదముంది. పేపర్లు దిద్దేటప్పుడు ఈ ముల్లు నాకు తరచూ గుచ్చుకుంటుంది. ఇంకోటి, "ఐ బాట్ ఇట్ సెకండ్-హ్యాండ్" అంటే సరిపోతుంది. మావాళ్లు "ఇన్ సెకండ్ హ్యాండ్" అంటారు. 'సెకండ్ హ్యాండ్‌లో కొన్నా' అన్నప్పటి 'లో' అక్కడికీ వెంటబడి వెళ్లిందన్నమాట.

ఇంగ్లీషులో ఈ మాట వస్తువులతో ఆగదు. పక్కవాడు వదిలిన సిగరెట్ పొగ పీలిస్తే సెకండ్-హ్యాండ్ స్మోక్. కళ్లారా చూడకుండా ఎవరో చెప్పగా తెలిసిన సంగతీ సెకండ్-హ్యాండే. మనకేమో బండి, ఫోను మాత్రమే సెకండ్ హ్యాండ్. లెనిన్ సెంటర్‌లో కొనేవి 'పాత పుస్తకాలు'. ఆ మాటే బాగుంటుంది నాకు.

పెద్ద కార్ల షోరూముల్లో సెకండ్-హ్యాండ్ అనరు, 'ప్రీ-ఓన్డ్' అంటారు. ఏసీ గదిలో పెట్టాక పాతబండికీ పరువుండాలిగా! పేరేదైనా, బండి మన పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ల సంతకం పడకుండా మొత్తం డబ్బు ఇవ్వకండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే, ఆ అప్పు తీరిపోయిందని చూపే ఫారం 35 కూడా అడగండి.